వ్యాధులకు మనుషుల పేర్లు ఉండాలా, తీసివేయాలా?

హనుమకొండ, జీవశాస్త్ర ఉపాధ్యాయుడు:
వోల్టు, ఓం, వాట్ అన్న మాటల్లో మనుషుల పేర్లు ఉన్నా ఎవరికీ ఇబ్బంది లేదు. వోల్టు వెనుక వోల్టా అనే ఇటలీ శాస్త్రవేత్త ఉన్నాడని చెబితే తప్ప పిల్లలకు తెలియదు. వ్యాధుల సంగతి వేరు. రైటర్స్ సిండ్రోమ్ అనే కీళ్లవాపు జబ్బుకు పేరిచ్చిన హాన్స్ రైటర్ నాజీ ప్రభుత్వంలో ఆరోగ్య శాఖ ఉన్నతాధికారి. బుకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరంలో ఖైదీలపై జరిగిన టైఫస్ జ్వరం ప్రయోగాలతో అతనికి సంబంధం ఉంది. అందుకే వైద్యులు ఇప్పుడు ఆ జబ్బును రియాక్టివ్ ఆర్థరైటిస్ అంటున్నారు. పేరు వింటే జబ్బేమిటో తెలియాలి గాని, దానిని ఎవరు వర్ణించారో తెలిసి రోగికి ఒరిగేదేమీ లేదు. కాబట్టి ఇలాంటి పేర్లన్నిటినీ తీసివేయాలంటాను.

వరంగల్, వైద్య విద్యార్థిని:
సార్, రక్తనాళాల వాపు జబ్బు ఒకదానికి నాజీ పార్టీ సభ్యుడైన వెగ్‌నర్ అనే వైద్యుని పేరు ఉండేది. ఆ పేరును 2011లో తొలగించి దాని స్థానంలో గ్రాన్యులోమటోసిస్ విత్ పాలియాంజైటిస్ అని పెట్టారు. రోగి వెంట వచ్చినవారికి పాత పేరూ అర్థం కాదు, కొత్త పేరూ అర్థం కాదు. పైగా వర్ణించే పేరు నిజమే చెబుతుందన్న హామీ ఎక్కడిది? డౌన్ సిండ్రోమ్‌ను ఒకప్పుడు మంగోలిజం అనేవారు. ముఖకవళికలను చూసి పెట్టిన ఆ పేరు ఒక జాతి మొత్తాన్ని అవమానించింది. 1965లో మంగోలియా ప్రతినిధులు కోరిన తరువాతే ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని వదిలివేసింది. అక్కడ మర్యాదను నిలిపింది డౌన్ అనే ఒక వైద్యుని పేరే.

నిజామాబాద్ నుండి:
ఈ విద్యార్థిని మాటతో ఏకీభవిస్తున్నాను. మాది డిచ్‌పల్లి పక్క ఊరు. అక్కడి కుష్ఠు దవాఖానకు వందేళ్ల చరిత్ర ఉన్నా, మా వైపు ‘పెద్దరోగం’ అన్న మాట పడితే కుదిరిన సంబంధం కూడా వెనక్కి పోయేది. 2019లో సవరించే దాకా హిందూ వివాహ చట్టంలోనూ కుష్ఠు విడాకులకు ఒక కారణంగా ఉండేది. 1873లో దాని సూక్ష్మజీవిని గుర్తించిన నార్వే వైద్యుని పేరుతో హాన్సెన్ వ్యాధి అంటే ఆ పాత బరువంతా ఒక్కసారిగా మీద పడదు.

హనుమకొండ, జీవశాస్త్ర ఉపాధ్యాయుడు:
ఆ హాన్సెన్ 1879లో ఒక రోగి అనుమతి తీసుకోకుండా ఆమె కంట్లోకి కుష్ఠు పదార్థాన్ని ఎక్కించాడు. మరుసటి ఏడు నార్వేలోని బెర్గెన్ కోర్టు అతనిని ఆసుపత్రి ఉద్యోగం నుండి తొలగించింది. రైటర్‌కు ఒక న్యాయం, హాన్సెన్‌కు మరొక న్యాయమా?

నిజామాబాద్ నుండి:
తప్పు తప్పే, కాదనను. అయితే అమెరికాలోని కార్విల్ ఆసుపత్రిలో ఏళ్ల తరబడి నిర్బంధంలో గడిపిన రోగులే తమ పత్రికలో ‘హాన్సెన్ వ్యాధి అనండి’ అని పోరాడారు. బ్రెజిల్ 1995లో ప్రభుత్వ పత్రాలలో పాత మాట వాడరాదని చట్టమే చేసింది. ఆ పేరును మోసేవారు కోరి తెచ్చుకున్నదానిని మనం నైతికత పేరుతో లాక్కోవడం నాకు సరిగా తోచదు. రైటర్ పేరు కావాలని ఏ రోగి అడిగాడు?

జగిత్యాల జిల్లా, ఆశా కార్యకర్త:
ఇంటింటి సర్వేలో నేను ఏ పేరూ ఎత్తను. చర్మం మీద పాలిపోయిన మచ్చ ఉందా, దాన్ని ముట్టుకుంటే తెలుస్తుందా అని మాత్రమే అడుగుతాను. చిక్కు రోగ నిర్ధారణ తరువాతే మొదలవుతుంది. ఆరు నెలలో, పన్నెండు నెలలో మాత్రలు వాడాలి; ‘హాన్సెన్’ అని చెబితే ఏదో చిన్న చర్మరోగమనుకొని, మచ్చ కాస్త మానగానే కొందరు మందు ఆపేస్తారు. ‘కుష్ఠు’ అంటే అత్తగారు ఆ కోడలికి కంచం వేరు చేస్తుంది. మీ ఇద్దరి వాదాలూ ఆ వాకిట్లో సగం సగమే పనిచేస్తాయి. నేనైతే నలుగురి ముందు హాన్సెన్ అనే అంటాను; మాత్రల అట్ట చేతికిచ్చేటప్పుడు మాత్రం ఆమెను పక్కకు పిలిచి ఇది కుష్ఠేనని, మాత్రలన్నీ పూర్తిచేస్తే పూర్తిగా నయమవుతుందని చెబుతాను.