మొక్కకే రక్షణ శక్తి ఉంటే వరికి మందు ఎందుకు?

పొలంగట్టు:
ప్రకృతి సేద్యం గురించి ఎక్కడ మాట వచ్చినా ఒక వాదన వినబడుతోంది. మొక్కకు తనను తాను కాపాడుకునే శక్తి పుట్టుకతోనే ఉందట, మందులు కొట్టి దాన్ని మనమే పాడుచేస్తున్నామట. అడవికి ఎవరూ మందు కొట్టరు, అయినా పచ్చగానే ఉంటుంది కదా అంటారు. బాగానే ఉంది. మరి సాంబ మసూరి నాటి చేతులు ముడుచుకు కూర్చుంటే వరి రసం పీల్చే సుడిదోమ ఊరుకుంటుందా? మొక్క సొంత రక్షణ ఎంతవరకు పనిచేస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది? నమ్మకాలు పక్కనబెట్టి, తెలిసిన సంగతులు చెప్పండి.

జీవశాస్త్రం మాస్టారు:
శక్తి ఉందన్న మాట మాత్రం నిజం. 1972లో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన గ్రీన్, రయాన్ టమాటా, బంగాళాదుంప మొక్కలను పెంకు పురుగులు కొరికితే ఏమవుతుందో చూశారు. కొరికిన ఆకులోనే కాదు, పురుగు ముట్టని ఆకుల్లో కూడా ఒక రకం ప్రొటీన్లు పోగుపడ్డాయి. అవి పురుగు కడుపులో జీర్ణరసాలను పనిచేయనివ్వవు. ఒక ఆకుకు గాయమైన సంగతి మిగతా ఆకులకు తెలిసిందన్నమాట. ఈ స్పందనను రేపే సిస్టమిన్ అనే పదార్థాన్ని రయాన్ బృందమే 1991లో టమాటాలో కనిపెట్టింది. అక్కడి నుంచి పని నడిపించేది జాస్మోనిక్ ఆమ్లం అనే మొక్క హార్మోను.

మొక్కజొన్న ఇంకో అడుగు ముందుకేస్తుంది. గొంగళి పురుగు నమిలినప్పుడు ఆకు కొన్ని వాసనలు వదులుతుంది. ఆ వాసన పట్టుకుని చిన్న కందిరీగలు వచ్చి పురుగు ఒంట్లో గుడ్లు పెడతాయి. కత్తితో కోస్తే ఆ వాసన అంతగా రాదు, పురుగు ఉమ్మి తగలాలి. ఇది 1990లో ప్రచురితమైన పరిశోధన. తెగుళ్ల దగ్గర పద్ధతి వేరు. అగ్గితెగులు శిలీంధ్రాన్ని గుర్తుపట్టగల వరి రకమైతే, అది దిగినచోట తన కణాలను తానే చంపుకుని శిలీంధ్రాన్ని అక్కడికక్కడే కట్టడి చేస్తుంది.

కౌలురైతు:
మాస్టారూ, కందిరీగలు వచ్చేదాకా ఆగితే కౌలు ఎవరు కడతారు? ఎకరానికి ఇన్ని బస్తాలని ముందే ఒప్పుకుని చేలో దిగేవాడిని. మొక్క తన వంశం నిలుపుకోవడానికి బతుకుతుంది, నా బస్తాల కోసం కాదు. అడవిలో చెట్టుకు సగం ఆకు పోయినా నాలుగు గింజలు రాలి మొలిస్తే దానికి చాలు. పైగా అడవిలో ఒకే జాతి, ఒకే వయసు మొక్కలు వందల ఎకరాల్లో బారులు తీరి ఉండవు. అడవిని చూపించి పొలానికి పాఠం చెప్పడం ఆపండి.

ఇంకోటి. మందు వద్దనేవాళ్లే వేపగింజల కషాయం కొట్టమంటారు. అది మందు కాదా? పురుగు కుబుసం విడవకుండా అడ్డుపడే అజాడిరక్టిన్ వేప తన కోసం చేసుకున్న విషం. దాన్ని తెచ్చి వరి మీద చల్లితే వరి తనను తాను కాపాడుకున్నట్టా?

విత్తనమే మూలం:
కౌలురైతు గారి రెండో మాటకు జవాబు లేదు, ఒప్పుకోవాల్సిందే. మొదటి మాట మీద మాత్రం అభ్యంతరం ఉంది. అడవి నుంచే పొలానికి రక్షణ వచ్చిన ఉదాహరణ మన హైదరాబాద్‌లోనే ఉంది. బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి, అదే బీపీటీ 5204, అన్నానికి ఎంత మంచిదో, బాక్టీరియా వల్ల వచ్చే ఎండాకు తెగులుకు అంత తేలిగ్గా లొంగుతుంది. వరి పరిశోధన సంస్థ, జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ కలిసి అందులోకి మూడు నిరోధక జన్యువులు చేర్చాయి. 2008లో విడుదలైన ఇంప్రూవ్డ్ సాంబ మసూరి అదే. ఇది జన్యుమార్పిడి పంట కాదు. సంకరం చేసి, జన్యు గుర్తుల సాయంతో ఏరుకున్న రకం.

ఆ మూడింటిలో ఎక్స్‌ఏ 21 ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది. కణం పైపొర మీద కాపలా ఉండి బాక్టీరియా ఆనవాలు పట్టేస్తుంది. నాకు ఎక్స్‌ఏ 13 ఇంకా నచ్చుతుంది. మామూలు వరిలో బాక్టీరియా ఒక దొంగ పని చేస్తుంది. కణంలోని చక్కెరను బయటికి పంపే జన్యువును తానే మేల్కొలిపి ఆ తీపి తాగి పెరుగుతుంది. ఎక్స్‌ఏ 13 ఉన్న మొక్కలో ఆ జన్యువు ముందుండే భాగం మారిపోయి ఉంటుంది కాబట్టి బాక్టీరియా ఎంత తట్టినా పలకదు. విషం లేదు, యుద్ధం లేదు. తిండి దొరకదు, అంతే.

పొలంగట్టు:
అయితే నిరోధక విత్తనం వేస్తే మందుల గొడవ తీరినట్టేనా? ఈ రకం సుడిదోమనూ తట్టుకుంటుందా?

పురుగుల లెక్క:
తట్టుకోదు. ఆ మూడు జన్యువులూ ఎండాకు తెగులుకే. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. "నిరోధక రకం" అనగానే దేనికి నిరోధకమో అడగరు. కాండం తొలిచే పురుగునూ, పాముపొడ తెగులునూ గట్టిగా అడ్డుకునే సాగు రకం ఇప్పటికీ మన చేతిలో లేదు. పత్తిలోనూ ఇదే చిక్కు. ఆకు మీద నూగు ఎక్కువున్న రకం పచ్చదోమను రానివ్వదు, తెల్లదోమను మాత్రం రమ్మంటుంది.

వచ్చిన నిరోధకతైనా శాశ్వతం కాదు. సుడిదోమను తట్టుకునే ఐఆర్ 26 అనే వరి రకాన్ని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1973లో తెచ్చింది. కొద్ది ఏళ్లకే దాన్నీ తినే దోమ తయారైంది.

అలాగని మందు గెలిచిందా? ఇండోనేషియాలో విచ్చలవిడిగా కొట్టిన మందులకు సుడిదోమను తినే సాలీళ్లు, మిత్ర నల్లులు చచ్చి అది ఇంకా పెరిగింది. 1986లో అక్కడి ప్రభుత్వం వరిలో 57 మందులను నిషేధించింది. దాంతో వరి ఉత్పత్తి కూలిపోలేదు. మన దగ్గర సింథటిక్ పైరిత్రాయిడ్లు అనే పురుగుమందులు కొట్టి దోమను పిలిపించుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. కౌలురైతు గారూ, మీరు యూరియా ఎంత వేస్తారో చెప్పలేదు. నత్రజని ఎక్కువైతే ఆకు మెత్తబడి దోమకూ, అగ్గితెగులుకూ, పాముపొడకూ విందవుతుంది. మొక్క రక్షణను చంపేది మందు కన్నా ముందు ఆ బస్తా.

కౌలురైతు:
యూరియా తగ్గించు, కాలిబాటలు తీయి, మందు ఆపు. అన్నీ నాకే చెబుతారు. రెండు మీటర్లకొక బాట తీస్తే గాలీ వెలుతురూ ఆడి దోమ తగ్గుతుందని నాకూ తెలుసు, తీస్తున్నాను కూడా. యూరియా తగ్గించి ఆకు రంగు కాస్త పలచబడితే చేను ఎండబెడుతున్నానని భూమి యజమాని వచ్చే ఏడు ఇంకొకరికి ఇస్తాడు. సాంబ మసూరి కాకుండా ఇంకేం వేసినా మిల్లు దగ్గర ధర కోస్తారు. దానికి ఏ జన్యువు ఉంది?

విత్తనమే మూలం:
ధర కోతకు జన్యువు లేదు, నిజమే. ఇంప్రూవ్డ్ సాంబ మసూరి గింజ మాత్రం పాతదానిలాగే సన్నగా ఉంటుంది. మీ పొలంలో ఎండాకు తెగులు ఏటా వస్తుంటే ఒక మడిలో వేసి చూడండి. ఆ బాక్టీరియాకు ఎలాగూ సరైన మందు లేదు, కాబట్టి అక్కడ మందా మొక్కా అన్న వాదనే రాదు.

జీవశాస్త్రం మాస్టారు:
వేసేముందు మీ వైపు వచ్చేది నిజంగా బాక్టీరియా ఎండాకు తెగులేనా అన్నది తేల్చుకోండి. కొత్తగా ఎండుతున్న ఆకును మచ్చ ఉన్నచోట అడ్డంగా కోసి గాజు గ్లాసులో నీళ్లలో ముంచితే, కోసినచోటి నుంచి పాలలాంటి ద్రవం కారాలి. కారకపోతే కారణం వేరే ఉంది.

కౌలురైతు:
అది చేస్తాను.