మొదటిసారి కోడ్ రాసేవాళ్లకు స్విచ్ నేర్పాలా, ఇఫ్-ఎల్స్ చాలా?

ప్రశ్న:
కోడ్‌లో ఎల్స్-ఇఫ్‌లు (ఇది కాకపోతే అది అంటూ షరతులు ఒక్కొక్కటిగా చూసేవి) వరసగా నాలుగు కనిపిస్తే చాలు, "స్విచ్‌లోకి మార్చు" అంటారు చాలామంది. స్విచ్ అంటే ఒకే విలువను బట్టి ఏ భాగం నడవాలో ఎంచుకునేది. నా ఉద్దేశంలో మొదట్లో ఇఫ్-ఎల్స్ ఒక్కటే చాలు. స్విచ్‌తో చేసే పని ఏదైనా ఇఫ్‌తో చేయొచ్చు కదా. పైథాన్‌లో 2021లో 3.10 వెర్షన్ వచ్చేదాకా స్విచ్ లాంటి మ్యాచ్-కేస్ లేనే లేదు. అయినా అందరూ ఇఫ్-ఎల్స్‌తోనే నేర్చుకున్నారు.

జవాబు 1:
నేను ఒప్పుకోనండి. మెనూ ప్రోగ్రామే తీసుకోండి. 1 నొక్కితే కూడిక, 2 నొక్కితే తీసివేత. ఇఫ్‌తో రాస్తే ప్రతి లైన్‌లోనూ అదే వేరియబుల్‌ను మళ్లీ పోల్చాలి. సీ భాషలో ఎక్కడైనా రెండు ఈక్వల్ గుర్తుల బదులు ఒక్కటే పడితే కంపైల్ అయిపోతుంది, వేరియబుల్ విలువే మారిపోతుంది. స్విచ్‌లో ఆ తప్పుకు చోటే లేదు.

జవాబు 2:
మరి స్విచ్ నుంచి బయటికి తెచ్చే బ్రేక్ సంగతి? స్విచ్‌లో ఒక్కో విలువకు ఒక్కో కేస్ రాస్తాం. కేస్ 1 చివర బ్రేక్ మరిచిపోతే కూడిక చేసి ఆగకుండా తీసివేత కూడా చేసేస్తుంది. ఎర్రర్ రాదు. ఆరితేరినవాళ్లే బ్రేక్ దగ్గర బోల్తా పడ్డారు. 1990 జనవరి 15న అమెరికాలో ఏటీ అండ్ టీ దూరప్రాంత ఫోన్ నెట్‌వర్క్ దాదాపు 9 గంటలు దెబ్బతింది. సీ కోడ్‌లో స్విచ్ లోపలి ఇఫ్‌లో రాసిన ఒక బ్రేక్ దానికి మూలం. బ్రేక్ ఇఫ్‌ను వదిలి రాదు, స్విచ్‌నే వదిలి వచ్చేస్తుంది.

జవాబు 3:
అసలు చిక్కు నేర్పే తీరులో ఉందండి. స్విచ్ అంటే ఇఫ్-ఎల్స్‌ను పొట్టిగా రాయడమేనని చెప్పేస్తారు. సీలో కేస్ అనేది షరతు కాదు, ఒక గుర్తు. ప్రోగ్రామ్ ఆ గుర్తు దగ్గరికి దూకి, బ్రేక్ తగిలేదాకా కిందికి పోతూనే ఉంటుంది. ఇది చెప్పకపోతే విద్యార్థి ఏం చేస్తాడు? గ్రేడ్ల ప్రోగ్రామ్‌లో కేస్ పక్కన "మార్కులు >= 90" అని రాస్తాడు. సీ కంపైలర్ ఒప్పుకోదు, అదే నయం. జావాస్క్రిప్ట్ నోరు మెదపదు. ఆ షరతు విలువ ట్రూ, మార్కులు 95. రెండూ సమానం కావు కాబట్టి నేరుగా, ఏ కేసూ కలవనప్పుడు నడిచే డిఫాల్ట్‌కి పోతుంది. డిఫాల్ట్‌లో "ఫెయిల్" అని ఉంటే 95 వచ్చినవాడూ ఫెయిలే! పాపం, ఆ పిల్లవాడు తప్పెక్కడో తెలియక తల పట్టుకుంటాడు.

అందుకే రేంజ్‌లు, రెండు షరతులు కలపడం ఇఫ్‌తో బాగా వంటబట్టాక, ఒకే విలువను స్థిరమైన విలువలతో పోల్చే సందర్భం వచ్చినప్పుడు స్విచ్ చెప్పాలి. చెప్పిన రోజే బ్రేక్ తీసేసిన కోడ్ చూపించి, రన్ చేయకముందే అవుట్‌పుట్ రాయమనాలి.

ప్రశ్న అడిగినవారు:
జావాలో బాణం గుర్తుతో రాసే స్విచ్ ఉందిగా, దానికీ ఇదే వరసా?

జవాబు 3:
వరస అదే, భయం తక్కువ. 2020లో వచ్చిన జావా 14 నుంచి ఆ రూపం ప్రామాణికం. అందులో కింది కేస్‌లోకి జారడం ఉండదు, కాబట్టి జావా నేర్పేవాళ్లు దాంతోనే మొదలుపెట్టండి. సీ అయితే జీసీసీ అనే కంపైలర్‌లో డబ్ల్యూ-ఎక్స్‌ట్రా (-Wextra) ఆప్షన్ పెట్టించండి. వెర్షన్ 7 నుంచి బ్రేక్ మరిచిన చోట వార్నింగ్ ఇస్తుంది.

జవాబు 2:
ఆ ఆప్షన్ మొదటి రోజే పెట్టిస్తానంటే నాకు అభ్యంతరం లేదు. పెట్టించకుండా సీలో స్విచ్ నేర్పడాన్ని మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.