కచ్ ఉప్పు నేల మీద కారు నడపొచ్చా? మా నాయనను తీసుకుపోదామని

కావలి_పెద్దోడు:
మాది అల్లూరు పక్క పల్లె, ఇప్పుడు కావలిలో ఉంటున్నాం. మా నాయన ఇస్కపల్లి ఉప్పు మళ్లలో నలభై ఏళ్లు పని చేశాడు. పోయిన నెల ఫోన్‌లో గుజరాత్ తెల్ల ఎడారి ఫొటో చూపిస్తే చాలాసేపు చూసి, "ఇంత ఉప్పు ఎవురు తీస్తుండార్రా? గట్లే లేవే!" అన్నాడు. ఆ రోజు నుంచి ఎలాగైనా తీసుకెళ్లి చూపించాలని ఉంది. ఆయనకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. కారైతే కావాల్సిన చోట ఆపుకోవచ్చు, మాది పాత స్విఫ్ట్. ఒక వీడియోలో ఉప్పు మీద కార్లు బాణంలా పోతున్నాయి. మనం కూడా అలా దిగి నడపొచ్చా? ఏ నెలలో వెళ్లాలి? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

కొత్తపట్నం_తీరం:
తమ్ముడూ, మీరు చూసిన వీడియో చాలావరకు అమెరికాలోని బోన్నవిల్ ఉప్పు మైదానం అయి ఉంటుంది. యూటా రాష్ట్రంలో ఉంది. 1935లో మాల్కమ్ క్యాంప్‌బెల్ అనే రేసర్ తన కారును గంటకు 480 కిలోమీటర్లు దాటించింది అక్కడే. కచ్ అలాంటిది కాదు. ధోర్డో అనే ఊరి దగ్గర తెల్ల రణ్‌లోకి, అంటే మీరు ఫొటోలో చూసిన ఉప్పు ఎడారిలోకి, మన కార్లను దిగనివ్వరు. పార్కింగ్‌లో ఆపి నడవాలి, లేదంటే ఒంటె బండి ఎక్కాలి. పెద్దాయన మోకాళ్లకు ఒంటె బండే మేలు. ముందుగా పర్మిట్ తీసుకోవాలి, అందరి ఆధార్ కార్డులూ దగ్గర ఉంచుకోండి.

దిగనివ్వకపోవడం మంచిదే అని నేను అనుభవంతో చెబుతున్నాను. రెండేళ్ల కిందట జనవరిలో వెళ్లాం. ఖావ్డా నుంచి ధోలావీరాకు రణ్ మధ్యలో నుంచి రోడ్డు ఉంది, ముప్పై కిలోమీటర్ల దాకా రెండు వైపులా తెలుపే. ఫొటో కోసం ఎడమ చక్రాలు రెండూ రోడ్డు దించాను. పైన పెళుసుగా అప్పడం లాంటి పొర, కింద నల్లటి బురద. నిమిషంలో కారు పొట్ట నేలకు ఆనింది. మా ఆవిడ, పిల్లలు ఆ ఎండలో మూడు గంటలు నిలబడ్డారు. చివరికి ఒక ట్రాక్టర్ ఆయన తాడు కట్టి లాగాడు. సముద్రం పక్కన పుట్టినవాణ్ణి, నాకు ఆ మాత్రం తెలిసి ఉండాల్సింది. మీరు మాత్రం తారు దిగొద్దు. రోడ్డు మీద నడిపినా కావాల్సినంత ఆనందం ఉంది.

మీ నాయన ప్రశ్నకు జవాబు: అక్కడ ఎవరూ తీయడం లేదు. అది ఒకప్పుడు అరేబియా సముద్రపు పాయ, పూడిపోయి మెరకైంది. మనం కాలవతో మళ్లకు ఉప్పునీళ్లు పెడతాం కదా, అక్కడ ఆ పని వానాకాలమే చేస్తుంది. సముద్రపు నీళ్లు, లూనీ లాంటి నదుల నీళ్లు వచ్చి నిలబడతాయి. అవి ఎండితే ఉప్పు మిగులుతుంది. అందుకే డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి మొదటి దాకా వెళ్లండి. అంతకుముందు వెళితే చాలాచోట్ల ఇంకా తడే. పౌర్ణమి చూసుకోండి, రాత్రి ఆ నేల పాలు పోసినట్టు ఉంటుంది.

ఒక్క మాట. పెద్దాయనకు అసలు చూపించాల్సింది చిన్న రణ్ అనే ఇంకో ఉప్పు ఎడారి. అహ్మదాబాద్ దాటాక ఖారాఘోడా వైపు తిరగండి. అక్కడ అగరియాలు అనేవాళ్లు భూమిలోంచి ఉప్పునీళ్లు తోడి మళ్లు కడతారు. వానలు ఆగాక కుటుంబంతో సహా వచ్చి, ఎండాకాలం దాకా ఆ బయలులోనే గుడిసెల్లో ఉంటారు. లోపలికి మాత్రం అక్కడి జీపులో వెళ్లండి.

నెల్లూరు_మెకానిక్:
స్విఫ్ట్ చాలు. సుమారు రెండు వేల కిలోమీటర్లు, పెద్దాయనతో కాబట్టి నాలుగు రోజులు పెట్టుకోండి. ఒంగోలు, అద్దంకి, హైదరాబాద్, షోలాపూర్, పుణె, సూరత్ మీదుగా అహ్మదాబాద్. నా భయమంతా తుప్పు గురించి. తడి ఉప్పు కారు కింద పట్టుకుంటే సైలెన్సర్, బ్రేకు పైపులు తినేస్తుంది, మన తీరం బండ్లలో రోజూ చూస్తున్నాను. కచ్ జిల్లా కేంద్రం భుజ్ చేరిన రోజే మంచినీళ్లతో కింద అంతా కడిగించండి, చక్రాల లోపలి వైపు కూడా. తుప్పు పట్టకుండా ముందుగా కారు కింద డీజిల్ చల్లించమని ఎవరైనా చెబితే వినొద్దు, రబ్బరు పాడవుతుంది.

కొత్తపట్నం_తీరం:
అవును, కడిగించడం తప్పనిసరి. ఇంకొకటి, అహ్మదాబాద్ వైపు నుంచి రాపర్ మీదుగా ధోలావీరా చేరి, అక్కడి నుంచి రణ్ రోడ్డు మీద ఖావ్డా, ధోర్డో చూసుకుని భుజ్‌లో తేలండి. వెనక్కి తిరగాల్సిన పని లేదు. రాపర్‌లో ట్యాంకు నింపుకోండి. ధోలావీరాలో హరప్పా కాలపు నీళ్ల చెరువులు ఉన్నాయి, 2021లో యునెస్కో గుర్తించింది. నల్ల కళ్లద్దాలు మరవకండి, మధ్యాహ్నం ఆ తెలుపు కళ్లు తెరవనివ్వదు.

కావలి_పెద్దోడు:
చాలా థ్యాంక్స్ అన్నా. బురద సంగతి నాయనకు చదివి వినిపించాను. "తొక్కని మడి అట్నే ఉంటాది. మనం నీళ్లు పెట్టేముందు రోజుల తరబడి నేల తొక్కి గట్టి చేసేది ఎందుకు మరి?" అన్నాడు. నాకు ఇన్నేళ్లలో ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

కారు దించను. జనవరి పౌర్ణమికి చేరేలా బయలుదేరుతున్నాం, ముందు ఖారాఘోడా, తర్వాతే తెల్ల రణ్. ఖారాఘోడాలో హిందీ వచ్చిన జీపు డ్రైవర్ ఎవరైనా తెలిస్తే మెసేజ్ పెట్టండి. నాయన ఆ అగరియాలతో మాట్లాడాలంటున్నాడు. వాళ్లకు చూపించడానికి ఇస్కపల్లి ఉప్పు ఒక చిన్న సంచిలో పోసి ఇప్పటికే మూతి కట్టి పెట్టాడు.