మూడో బేసులో నిలబడే పిల్ల ముఖానికి జాలీ ఉండాలా, అక్కర్లేదా?

మూడోబేసు అమ్మ (డాలస్ పక్కన)

మా అమ్మాయికి పదకొండేళ్లు. పన్నెండేళ్ల లోపు జట్టులో సాఫ్ట్‌బాల్ (బేస్‌బాల్ లాంటి ఆట) ఆడుతుంది, మూడో బేసు దగ్గర ఫీల్డింగ్ చేస్తుంది. పోయిన శనివారం ఆటలో దాని పక్కన, రెండో మూడో బేసుల మధ్య, షార్ట్‌స్టాప్‌గా ఉన్న పిల్లకు బంతి తగిలింది. నేల మీద దొర్లుకుంటూ వచ్చిన మామూలు బంతే. ఆ పిల్ల కూడా నేర్పినట్టే వంగి గ్లవ్ నేలకు ఆనించింది. చివరి గజంలో బంతి దేన్ని తాకిందో ఏమో, లేచి పై పెదవి మీద కొట్టింది. పిల్ల ఏడవలేదు. గ్లవ్‌లోకి ఉమ్మి, అందులో ఏం పడిందో చూసుకుంది. ఆ చూపు నన్ను వదలడం లేదు. (పళ్లు దక్కాయి. మూడు కుట్లు పడ్డాయి.)

ఇక నా సందేహం. బ్యాటు పట్టుకున్నప్పుడు హెల్మెట్‌కు ఇనుప జాలీ లేకపోతే అంపైర్ ఆడనివ్వడు. పది నిమిషాల తర్వాత అదే పిల్ల అదే బంతికి ఎదురుగా ఫీల్డింగ్‌లో నిలబడితే ముఖం మీద ఏమీ ఉండదు. ఫీల్డర్లు పెట్టుకునే జాలీ మాస్కు గురించి కోచ్‌ను అడిగితే "మీ ఇష్టం" అంటారు. అమ్మాయిని అడిగితే "జట్టులో ఇద్దరే పెట్టుకుంటారు, నేను పెట్టుకోను" అంటుంది. మా ఆయన్ను అడిగితే "మేం కార్క్ బంతితో ఆడలేదా" అంటారు. మాస్కు ధర యాభై డాలర్ల లోపే, కాబట్టి డబ్బు గొడవ కాదు. మీరైతే ఏం చేస్తారు?

కార్క్‌బంతి (ఒకప్పుడు బెజవాడ, ఇప్పుడు అట్లాంటా)

మీవారి వైపు నా ఓటు కూడా వేసుకోండి. మా పెద్దమ్మాయి తొమ్మిదేళ్లు ఆడింది, ముఖానికి ఏమీ లేకుండానే. బంతి వెనక ఒళ్లు పెట్టడం, గ్లవ్ కింది నుంచి పైకి తేవడం, కళ్లు బంతి మీద ఉంచడం నేర్పితే నూటికి తొంభై దెబ్బలు తప్పుతాయి. మాస్కు తగిలిస్తే పిల్లకు లేని ధైర్యం వస్తుంది, కోచ్‌కు బద్ధకం వస్తుంది.

అమెరికన్ ఫుట్‌బాల్ సంగతి చూడండి. గట్టి హెల్మెట్, ముఖానికి కడ్డీలు వచ్చాక ఆటగాళ్లు తలనే ఆయుధం చేసుకున్నారు. మెడలు విరుగుతుంటే 1976లో తలతో గుద్దడాన్నే నిషేధించాల్సి వచ్చింది. రక్షణ పెంచితే ఆ మేరకు దూకుడూ పెరుగుతుంది. పిల్లల్ని గాజుబొమ్మల్లా పెంచితే ఆట ఎక్కడ నేర్చుకుంటారు?

లెక్కలమనిషి

అన్నగారూ, ఒక్కసారి లెక్క చూద్దాం. పన్నెండేళ్ల లోపు ఆటలో పిచర్ (బంతి విసిరే అమ్మాయి) నిలబడే పలక, బ్యాటర్ దగ్గరుండే హోం ప్లేటుకు 40 అడుగుల దూరంలో ఉంటుంది. హైస్కూల్లో అయితే 43. బంతి విసిరిన ఊపులో పిచర్ ముందుకు వస్తుంది కాబట్టి బ్యాటర్‌కూ ఆమె ముక్కుకూ మధ్య మిగిలేది 35 అడుగులే అనుకోండి. బ్యాటు నుంచి బంతి గంటకు 98 మైళ్లకు మించి రాకూడదని 2004 నుంచి బ్యాట్ల ప్రమాణం ఉంది. అంటే సెకనుకు 144 అడుగులు. 35 అడుగులు దాటడానికి పావు సెకను చాలు. కన్ను చూసి చెయ్యి కదలడానికే సెకనులో ఐదో వంతు పడుతుంది. మిగిలిన ఇసుమంత సమయంలో మీరు చెప్పిన పద్ధతులన్నీ ఎక్కడ పడతాయి?

ఇంకొకటి. పేరులో ఉన్న మెత్తదనం బంతిలో లేదు. పన్నెండు అంగుళాల చుట్టుకొలత ఉన్న సాఫ్ట్‌బాల్ 178 నుంచి 198 గ్రాములు తూగుతుంది. మీ కార్క్ బంతి 163 దాటదు.

కార్క్‌బంతి

ఆ 98 మైళ్లు బ్యాటును పరీక్షించే గదిలోని హద్దు. పదకొండేళ్ల పిల్ల కొడితే బంతి అంత వేగంతో వస్తుందా? 55 మైళ్లు అనుకుందాం. సెకనుకు 81 అడుగులు. మీ 35 అడుగులకు 0.43 సెకను. మీరు చెప్పిన దానికి దాదాపు రెట్టింపు. లెక్కతో భయపెట్టేటప్పుడు అంకెలు ఎవరివో చూసుకోవాలి కదండీ.

లెక్కలమనిషి

నిజమే, ఒప్పుకుంటున్నాను. పెద్దవాళ్ల అంకెను చిన్నపిల్లకు అంటగట్టాను.

అయితే మీ 0.43 సెకను కూడా బంతి నేరుగా వస్తేనే. పై పోస్టులోని అమ్మగారు చెప్పిన దెబ్బ నేరుగా వచ్చింది కాదు. చివరి గజంలో దారి మార్చింది. అక్కడి నుంచి ముఖానికి చేరడానికి ఎంత సేపు పట్టి ఉంటుందో మీరే వేయండి. పైగా బంట్ (బ్యాటు ఊపకుండా బంతిని మెల్లగా నెట్టడం) వస్తుందని అనుమానం వస్తే కోచ్‌లు మూడో బేసు పిల్లను ముందుకు పిలుస్తారు. బ్యాటర్ బంట్ చేస్తున్నట్టు చూపించి చివరి క్షణంలో గట్టిగా కొడితే?

దంతవైద్యురాలు (న్యూజెర్సీ)

రెండు మాటలు నా వృత్తి వైపు నుంచి. పన్నెండేళ్ల పిల్లకు పై వరుసలో ముందు పన్ను ఊడితే పెద్దవాళ్లకు పెట్టినట్టు స్క్రూ పన్ను పెట్టలేం. దవడ ఇంకా పెరుగుతూ ఉంటుంది, బిగించిన పన్ను పెరగదు. అలా చేస్తే కొన్నేళ్లకు అది పక్క పళ్లకన్నా పైకి పోయినట్టు కనిపిస్తుంది. కాబట్టి ఎదుగుదల ఆగే దాకా, అంటే దాదాపు పద్దెనిమిదేళ్ల దాకా, తీసి పెట్టుకునే పన్నుతోనో అతికించిన పన్నుతోనో కాలం గడపాలి. తినేటప్పుడు తీసి చేతిరుమాల్లో చుట్టి, పొరపాటున భోజనం పళ్లెంతో పాటు చెత్తబుట్టలో పడేసి ఏడ్చే పిల్లల్ని నేను చూస్తూనే ఉంటాను. పదమూడేళ్ల పిల్లకు అది చిన్న విషయం కాదు.

ఎవరికైనా ఆటలో శాశ్వత పన్ను మొత్తంగా ఊడి వస్తే వేరు ముట్టుకోకండి, రుద్ది కడగకండి. పన్ను పై భాగం పట్టుకుని నీళ్లలో ఒక్కసారి జాడించి వెంటనే దాని గూట్లో పెట్టండి. కుదరకపోతే చల్లని పాలలో వేసి పరుగెత్తండి. ప్రతి నిమిషం లెక్కే.

అలాగే మాస్కు ఏం చేయదో కూడా చెప్పాలి. ముక్కు, చెంప ఎముక, కన్ను, పళ్లు కాపాడుతుంది. మెదడు అదురును ఆపుతుందని మాత్రం నమ్మకండి. మాస్కు ఉన్నా, తలకు దెబ్బ తగిలిన పిల్ల కళ్లు తిరుగుతున్నాయంటే ఆ రోజుకు ఆట అయిపోయినట్టే.

ఔట్‌ఫీల్డ్ నాన్న

అందరూ ముఖం గురించే మాట్లాడుతున్నారు, బంతిని ఎవరూ అడగడం లేదు. అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ 1996లో ఒక నివేదిక ఇచ్చింది. 1995లో బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్, టీబాల్ (స్టాండు మీద పెట్టిన బంతిని కొట్టే చిన్నపిల్లల ఆట) ఆడుతూ ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు వచ్చిన పిల్లలు సుమారు 1,62,000 మంది. సరైన సామగ్రి ఉంటే అందులో 58,000 గాయాలు తప్పేవో తగ్గేవో అని వాళ్ల అంచనా. ఆ 58,000లో మెత్తని బంతుల వాటా 47,900. ముఖ జాలీల వాటా 3,900. మిగతావి కాలు గట్టిగా తగిలితే ఊడి వచ్చే బేసులవి. ఇక చెప్పండి, మొదట మార్చాల్సింది ఏది?

1887లో షికాగోలో ఈ ఆట పుట్టినప్పుడు బంతి అంటే తాడుతో కట్టిన బాక్సింగ్ గ్లవ్వు, బ్యాటు అంటే చీపురు కర్ర. అక్కడి నుంచి ఇక్కడికి బంతిని గట్టిపరుచుకుంటూ వచ్చి, ఇప్పుడు పిల్లల ముఖాలకు ఇనుము కడుతున్నాం.

దంతవైద్యురాలు (న్యూజెర్సీ)

మంచి నివేదికే. కానీ ఆ 3,900 బ్యాటర్ హెల్మెట్‌కు ఉండే జాలీల లెక్క. ఫీల్డింగ్‌లో పెట్టుకునే మాస్కుల లెక్క అందులో లేదు. బ్యాటర్ విషయంలో చర్చ ముగిసింది కూడా. హైస్కూల్ సాఫ్ట్‌బాల్‌లో 2006 నుంచి హెల్మెట్‌కు జాలీ తప్పనిసరి. మెత్తని బంతికి నేనూ చెయ్యెత్తుతాను. అయితే ఈ శనివారం అమ్మాయి ఎదురుగా వచ్చేది పాత బంతే కదా.

పాత పీఈటీ (నిజామాబాద్ జిల్లా)

అమ్మా, అయ్యా, ఈ ఆట ఇక్కడా ఉంది. స్కూల్ గేమ్స్‌లో సాఫ్ట్‌బాల్ ఉంది, మా పల్లెల ఆడపిల్లలు రాష్ట్రం దాటి వెళ్లి ఆడి వస్తున్నారు. మా జట్టు సామగ్రి చెబుతాను వినండి. బ్యాటింగ్ హెల్మెట్లు రెండు. ఔటైన పిల్ల తల మీద నుంచి తీసి వచ్చే పిల్ల తల మీద పెడతాం, చెమటతో సహా. మాస్కు ఒక్కటే, అది బ్యాటర్ వెనక కూర్చునే క్యాచర్‌ది. మైదానం మొరం. ఆటకు ముందు పిల్లలందరినీ వరుసగా నిలబెట్టి కంకర రాళ్లు ఏరిస్తాం, అయినా బంతి ఎటు లేస్తుందో దేవుడికే తెలుసు. మీ పచ్చగడ్డి, చదును మట్టి మైదానాల్లోనే పెదవి చిట్లితే మా సంగతి ఊహించుకోండి.

అందుకే ఒకటి అడుగుతున్నాను. మా ఊళ్లో వెల్డింగ్ పనివాడు మంచి నేర్పరి. క్యాచర్ మాస్కు చూపిస్తే పిచర్‌కు, మూడో బేసుకు రెండు చేసిస్తానంటున్నాడు. చేయించమంటారా?

దంతవైద్యురాలు (న్యూజెర్సీ)

వద్దండీ మాస్టారూ. జాలీలో అసలు పని వంగి విరగకుండా ఉండే తీగది, దెబ్బను నుదుటికీ గడ్డానికీ పంచే మెత్తలది. అతుకు దగ్గర విరిగితే ఆ ఇనుప కొసే కంట్లోకి వెళ్తుంది. ఏమీ లేకపోవడం కన్నా అది ప్రమాదం. కొత్తవి దొరికే వరకు పళ్లకు రబ్బరు తొడుగు పెట్టించండి, అది చవక. సాధన ఆటల్లో మూడో బేసు పిల్లను నాలుగు అడుగులు వెనక్కి నిలబెట్టండి.

లెక్కలమనిషి

నాలుగు అడుగులు అంటే గుర్తొచ్చింది. ఇంగ్లండ్ క్రికెట్ బోర్డు నియమం ప్రకారం పదమూడేళ్ల లోపు పిల్లలెవరూ బ్యాటర్‌కు 11 గజాల కన్నా దగ్గరగా ఫీల్డింగ్ చేయకూడదు, వికెట్ వెనక ఆఫ్ వైపు తప్ప. 11 గజాలంటే 33 అడుగులు. మన పిచర్ బంతి విసిరాక దాదాపు ఆ గీత మీదే ఉంటుంది. పైగా అప్పటికి ఒంటికాలి మీద ఉంటుంది. అదే బోర్డు 2000లో పద్దెనిమిదేళ్ల లోపు బ్యాటర్లకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. కార్క్‌బంతి అన్నగారికి మన క్రికెటర్ రమణ్ లాంబా గుర్తుండే ఉంటాడు. 1998లో ఢాకాలో హెల్మెట్ లేకుండా షార్ట్ లెగ్‌లోకి వచ్చాడు. ఓవర్లో మూడు బంతులే మిగిలాయి, ఎందుకులే అన్నాడట. బంతి తలకు తగిలింది, మూడు రోజులకు ప్రాణం పోయింది.

కార్క్‌బంతి

లాంబా పేరెత్తితే నోరు కట్టేసినట్టే కదా. ఆ వార్త నేను హాస్టల్లో రేడియోలో విన్నాను. సరే, నా మాట కొంచెం సవరించుకుంటాను. పిచర్‌కు, మొదటి, మూడో బేసుల వాళ్లకు పద్నాలుగేళ్ల దాకా పెట్టండి, కాదనను. కానీ ఔట్‌ఫీల్డ్‌లో, బ్యాటర్‌కు ఎంతో దూరంగా గడ్డి పీక్కుంటూ నిలబడే పిల్లకు ఎందుకండీ? పైగా నియమం అంటారేమిటి? ఇష్టమున్న తల్లిదండ్రులు కొనుక్కోవచ్చు కదా. ధైర్యం గురించి నేనన్నది మాత్రం వెనక్కి తీసుకోను.

షార్ట్‌స్టాప్16

అందరికీ నమస్తే. నేను కాలిఫోర్నియాలో హైస్కూల్ జట్టులో ఆడుతున్నాను. తెలుగులో రాయడం అమ్మ నేర్పింది, తప్పులుంటే క్షమించండి.

అంకుల్, నాకు మాస్కు లేనప్పుడే ధైర్యం నటించాల్సి వచ్చేది. బంతి గట్టిగా వస్తే ఆఖరి క్షణంలో తల పక్కకు తిప్పేదాన్ని. నాకే తెలిసేది కాదు. కోచ్ వీడియో తీసి చూపిస్తే తెలిసింది. తల తిప్పితే బంతి గ్లవ్ అంచుకు తగిలి చెవి మీదికి వస్తుంది. మాస్కు పెట్టాక తల తిప్పడం మానేశాను. మీరు చెప్పిన "కళ్లు బంతి మీద" నాకు అప్పుడే వచ్చింది.

మొదటి వారం మాత్రం చిరాకే. కాళ్ల దగ్గరికి వచ్చిన బంతి కింది కడ్డీ వెనక దాక్కుంటుంది. ఇంకాస్త వంగాలి. తర్వాత కడ్డీ కనిపించడం మానేస్తుంది.

మా జట్టులోనూ ముందు ఇష్టమే ఉండేది. అప్పుడు ముగ్గురం పెట్టుకునేవాళ్లం, మిగతావాళ్లు నవ్వేవాళ్లు. ఒక ఏడాది కోచ్ ఇన్‌ఫీల్డ్ (బేసుల దగ్గర ఆడేవాళ్లు) అందరికీ తప్పనిసరి అన్నారు. రెండో రోజు నుంచి ఎవరూ ఏమీ అనలేదు. నవ్విన వాళ్లలో ఒకమ్మాయి తనకు ముందు నుంచే కావాలనిపించేదని బస్సులో నాతో చెప్పింది.

లెక్కలమనిషి

ఈ అమ్మాయి చెప్పింది అచ్చంగా థామస్ షెల్లింగ్ చెప్పిందే. ఆర్థికశాస్త్రంలో 2005 నోబెల్ ఆయనకూ వచ్చింది. ఐస్ హాకీ ఆటగాళ్లు హెల్మెట్ ఎందుకు పెట్టుకోరని ఆయన 1973లో ఒక వ్యాసం రాశాడు. పక్కవాడు పెట్టుకోడు కాబట్టి నేనూ పెట్టుకోను, కానీ అందరికీ నియమం చేస్తే మాత్రం హాయిగా పెట్టుకుంటాను. ఇదీ ఆయన పట్టుకున్న ముడి. ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో 2013 నుంచి కొత్తగా వచ్చే వాళ్లందరికీ కళ్ల మీద అద్దం తప్పనిసరి. "మీ ఇష్టం" అని కోచ్ వదిలేస్తే పదకొండేళ్ల పిల్ల నెత్తిన ఆ బరువంతా పడుతుంది. కార్క్‌బంతి గారు అడిగిన "నియమం ఎందుకు"కు నా జవాబు ఇదే.

కార్క్‌బంతి

ఇన్‌ఫీల్డ్ వరకు అయితే, సరే. ఔట్‌ఫీల్డ్ దగ్గర నేను కదలను.

మూడోబేసు అమ్మ

అందరికీ ధన్యవాదాలు. షార్ట్‌స్టాప్16, నీ పోస్టు మా అమ్మాయికి చదివి వినిపించాను. వీడియో సంగతి విని ఏమీ అనలేదు. సాయంత్రం వాళ్ల నాన్నను పెరట్లో నిలబెట్టి తానే బంతులు విసిరింది, ఫోను నన్ను పట్టుకోమంది. నాలుగో బంతికి ఆయన తల పక్కకు తిరిగింది. ఆ ముక్క పదిసార్లు వేసి చూసింది. కార్క్ బంతి కబుర్లు మా ఇంట్లో ప్రస్తుతానికి ఆగాయి.

ఆదివారం దుకాణానికి వెళ్లి ఒకటి కొన్నాం. ఇన్‌ఫీల్డ్ అందరికీ నియమం చేయమని గురువారం సమావేశంలో అడుగుతాను. ఇప్పటికి ఐదుగురు తల్లులు సరే అన్నారు, ఇద్దరు కాదన్నారు. పాత పీఈటీ గారూ, మా జట్టు తరఫున రెండు కొత్తవి పంపే దారి చూస్తున్నాను. ఎవరి చిరునామాకు పంపాలో విడిగా సందేశం పెట్టండి.

ఇప్పుడు ఒక్కటే సమస్య మిగిలింది. మా అమ్మాయికి జడ ఒత్తు. పైకి కడితే వెనక పట్టీ జారుతోంది, కిందికి కడితే మెడ దగ్గర నొక్కుతోందట. ఏం చేయాలి?

షార్ట్‌స్టాప్16

వెనక రెండు పట్టీలు ఉంటాయి కదా ఆంటీ, జడను వాటి మధ్యలో నుంచి బయటికి తీయండి. చెవుల ఎత్తులో కట్టాలి, అంతకన్నా పైన వద్దు. ముందు జడ వేసి తర్వాత మాస్కు పెట్టమనండి, తిరగేస్తే వెంట్రుకలు చిక్కుకుంటాయి. ఆట అయ్యాక సంచిలో పడేయకుండా మెత్తలు తీసి ఆరేయమనండి. నేను ఒకసారి మర్చిపోయాను, రెండు రోజులు కారంతా అదే వాసన.