లోగిలి, మిద్దె, బంగళా: 'హెరిటేజ్ విల్లా' బోర్డుకు తెలుగు మాట

(నలుగురి ముచ్చట ఇది; ఎవరి మాట ముందు వాళ్ళ ఊరి పేరు ఉంది.)

ఆత్మకూరు: పొలాల మధ్య పాత ఇల్లొకటి బాగుచేసి అద్దెకిస్తున్నారు. బోర్డు మీద 'హెరిటేజ్ విల్లా' వద్దంట, తెలుగు మాట కావాలంట. 'పాత మిద్దె' అంటే చాలదా?

కావలి: మిద్దె కప్పును బట్టి వచ్చిన పేరబ్బా. 'మిద్దె మీద వడియాలు పెట్టారు' అంటాం గదా. అది మద్రాసు మిద్దె అయితే బోర్డు కంటే ముందు కప్పు చూడమనండి. టేకు దంతెలు, అంటే కప్పును మోసే కర్రలు, సుమారు అడుగున్నర ఎడంగా ఉంటాయి. వాటిపైన పలచని ఇటుకలను అంచు మీద నిలబెట్టి, ఏటవాలుగా సున్నంతో పేరుస్తారు. ఆపైన ఇటుకముక్కలు, సున్నం కలిపి మూడు నాలుగంగుళాలు పోసి, చెక్క దిమ్మిసలతో రోజుల తరబడి కొడతారు. బెల్లం, కరక్కాయ నానిన నీళ్ళు చల్లుతూ కొట్టాలి. చివర బిళ్ళపెంకు. కారుతోందని పైన సిమెంటు పూశారా, అంతే. సున్నంలో తేమ ఆవిరయ్యే దారి మూసుకుపోయి, ఆ తేమ గోడలో దూరిన దంతె కొసలకు చేరుతుంది. పుచ్చు అక్కడ మొదలవుతుంది, కిందినుంచి కనపడదు. దంతెను గోడ దగ్గర సుత్తితో తట్టితే డొల్లగా మోగుతుంది.

ఆత్మకూరు: అయితే బంగళా?

ఒంగోలు: అది హిందీ 'బంగ్లా', బెంగాల్ తరహా ఇల్లని. దొరల చేతిలో పడి ట్రావెలర్స్ బంగళా దాకా వచ్చింది. రైతు ఇంటికి అతకదు. దివాణం, నగరు అంటారా, వెంకటగిరి రాజావారికి చెల్లుతుంది, గాదెలున్న ఇంటికి పెడితే ఊళ్ళో నవ్వుతారు.

పొదిలి: అసలు విల్లా కూడా రైతు ఇల్లే! లాటిన్‌లో విల్లా అంటే పొలం మీది ఇల్లు. రోమన్ వ్యవసాయ రచయిత కొలుమెల్లా దాన్ని మూడు భాగాలు చేశాడు: యజమాని ఉండేది, పనివాళ్ళూ పశువులూ ఉండేది, పంట దాచేది. 16వ శతాబ్దంలో పల్లాడియో వెనిస్ ప్రభువులకు కట్టిన విల్లాల్లోనూ పక్క వసారాలు ధాన్యానికీ పనిముట్లకే. ఆ పొలం దున్నే పాలేరు 'విల్లానుస్'. మన సినిమా విలన్ వాడి మనవడే, పాపం! కాబట్టి గాదె, గొడ్లసావిడి, మనుషులు ఉండే భాగం, అన్నీ ఒకే ఆవరణలో ఉంటే 'లోగిలి'కి మించిన మాట లేదు.

కావలి: మా వైపు గొడ్లకొట్టం అంటాం, సావిడి మీ ఒంగోలు వైపు మాట. లోగిలికి నా ఓటు కూడా. 'లోగిలి విడిది' అని రాయమనండి.

ఆత్మకూరు: కింద 'మా లోగిలిలో బస' అని రాసుకున్నారు, తప్పా?

పొదిలి: వాడుకలో తప్పనను. పాత పద్ధతి 'లోగిట'. వాకిలి-వాకిట, ముంగిలి-ముంగిట, కౌగిలి-కౌగిట లాగే. విభక్తి చేరేముందు చివరి 'లి' పోయి 'టి' వచ్చే మాటలివి, వ్యాకరణంలో ఔపవిభక్తికాలంటారు. రోకలి, రోకటిపాట అయినట్టు. 'మా లోగిట బస' అంటే బోర్డు కూడా పొట్టిగా ఉంటుంది. బహువచనం 'లోగిళ్ళు', 'లోగిలులు' కాదు.

ఆత్మకూరు: వాళ్ళు 'మండువా లోగిలి' అని కూడా అడుగుతున్నారు.

ఒంగోలు: నడిమధ్య ఆకాశం కనపడుతుందా?

ఆత్మకూరు: కనపడేది. వాన పడుతోందని రేకులు కప్పేశారు.

ఒంగోలు: మండువాలో వాన పడాలి స్వామీ, అందుకే దాని నేల పల్లంగా కట్టి, మూలన తూము పెట్టేది. ఆ తూము పూడిపోయి నీళ్ళు నిలిచుంటాయి, కప్పు మీద కోపం తీర్చుకున్నారు. తూము పూడిక తీసి, రేకులు దించాక ఆ మాట రాసుకోమనండి.