ఋతంభర: రు అనాలా, రి అనాలా?

ప్రశ్న: మా అక్క కూతురికి ‘ఋతంభర’ అని పేరు పెడదామనుకుంటున్నారు. వాళ్లుండేది ఢిల్లీలో. అక్కడంతా రితంభర అంటున్నారట. ఏది కరెక్టండీ? ‘రు’తో రాసేస్తే పోదా?

జవాబు: పలకడంలో ఎవరిదీ తప్పు కాదండీ. ఋ అసలు అచ్చు. అందులో రు లేదు, రి లేదు. ‘ఋటురషాణాం మూర్ధా’ అన్నారు కాబట్టి ట, ర, ష పుట్టే చోటే దీనిదీనూ. వెనకాల ఉకారమో ఇకారమో అంటకుండా పలకాలి, కానీ మామూలు మాటల్లో అలా పలికేవాళ్లు ఇప్పుడెక్కడ? మనమూ, కన్నడిగులూ, మరాఠీలూ, ఒడియావాళ్లూ రు వైపు వెళ్లాం. హిందీ, బెంగాలీ వాళ్లు రి పట్టుకున్నారు. మన అమృత అక్కడ అమ్రిత అయిందీ ఇందుకే.

రాతలో మాత్రం ఋ వదలొద్దు. మహా + ఋషి మహర్షి అయిందన్నా, పితృ + ఋణం పితౄణం అయిందన్నా అది అచ్చు కాబట్టే. ఫోన్‌లో ఋ దొరక్క ‘బ’కు రెండు కొమ్ములిచ్చి ‘బుు’ అని కొట్టేస్తుంటారు. చూపుకి ఆనదు గానీ, రేపు పేరు వెతికితే దొరకదు.

ఈ పేరు యోగసూత్రాల్లోది, మొదటి పాదం 48వ సూత్రం: ‘ఋతంభరా తత్ర ప్రజ్ఞా’. ఋతం అంటే సత్యం, దాన్ని భరించేది ఋతంభర. అందుకని ‘భ’కు ఒత్తు ఉండాల్సిందే. కొందరు ఋతుంభర అంటారు, ఇక్కడ ఋతువు ఊసే లేదు. చివరి దీర్ఘం తెలుగులో పోతుంది, రమా రమ అయినట్టే.

ఇంగ్లిష్‌లో ఆర్ పక్కన యూ పెట్టమనే నా సలహా, ఇంట్లో పిలిచేది అలాగే కదా. టీ పక్కన హెచ్ మనకి అలవాటే కానీ ఢిల్లీలో దాన్ని ‘థ’ అని చదువుతారు, వద్దు. బర్త్ సర్టిఫికెట్‌లో ఏది రాయిస్తే ఆధార్‌లోనూ పాస్‌పోర్ట్‌లోనూ అదే ఉంచండి, లేకపోతే తర్వాత టెన్షన్.

ప్రశ్న: థాంక్సండీ. పాపది స్వాతి మొదటి పాదం. రి అని పలికితే నక్షత్రం మారిపోతుందని తాతగారి పేచీ!

జవాబు: ఆయన లెక్క నిజమే. రూ స్వాతి ఒకటో పాదం, రీ చిత్త నాలుగో పాదం. కాకపోతే రెండూ తులారాశే. పేచీ సగం తీరినట్టే!