రిస్పా నేర్పేది ఓర్పేనా? (బైబిలు, 2 సమూయేలు 21)

కావలి కోడలు:
మొన్న స్త్రీల ఆదివారం మా గుడిలో రిస్పా మీద వాక్యం చెప్పారు. ఎప్పుడూ రూతు, ఎస్తేరు, హన్నాలే కదా, ఈసారైనా కొత్త పేరు వచ్చిందని సంబరపడ్డాను. తీరా చూస్తే తేల్చింది ఇది: తల్లులు రిస్పాలాగా నోరెత్తకుండా, ఓర్పుతో ప్రార్థనలో కనిపెట్టుకుని ఉండాలంట. నాకు ఒళ్లు మండింది.

గుర్తులేనివాళ్ల కోసం కథ చెబుతాను. దావీదు రాజుగా ఉన్న కాలంలో వరసగా మూడేళ్లు కరువు వచ్చింది. ఎందుకని దేవుణ్ణి అడిగితే, అతనికి ముందు రాజు సౌలు గిబియోనీయులనే జాతివాళ్లని చంపినందుకు అని జవాబు. వాళ్లని చంపబోమని యెహోషువ కాలంలోనే ఇశ్రాయేలీయులు ప్రమాణం చేసి ఉన్నారు. దావీదు వాళ్లని పిలిచి ఏం కావాలని అడిగాడు. వెండీ బంగారం వద్దు, సౌలు సంతతిలో ఏడుగురిని ఇవ్వమన్నారు. ఇచ్చేశాడు. సౌలు ఉపపత్ని రిస్పా కొడుకులు ఇద్దరు, సౌలు కూతురి కొడుకులు అయిదుగురు. గిబియా అనే చోట కొండ మీద ఉరితీసి అట్లాగే వదిలేశారు. రిస్పా గోనెపట్ట తీసుకుపోయి బండ మీద పరుచుకుని, యవల కోత మొదలైన దగ్గర్నుంచి వాన పడేదాకా, అంటే దాదాపు అయిదు నెలలు, పగలు పక్షుల్ని, రాత్రి మృగాల్ని ఆ శవాల మీద వాలనివ్వలేదు. ఆ సంగతి దావీదు చెవిన పడింది. అప్పుడు కదిలాడు. యాబేష్గిలాదు నుంచి సౌలు, అతని కొడుకు యోనాతానుల ఎముకలు తెప్పించి, ఉరితీసినవాళ్ల ఎముకలు కూడా ఏరించి, సౌలునీ యోనాతానునీ సౌలు తండ్రి కీషు సమాధిలో పాతిపెట్టించాడు.

ఇందులో ప్రార్థన ఎక్కడుంది? ఆమె ఒక్క మాట మాట్లాడినట్టు కూడా లేదు. రాజు చేసిన పనికి ఎదురుగా వెళ్లి కూర్చుంది, అంతే. దాన్ని ఓర్పు అంటారా? మీరేమంటారు?

ఒంగోలు మాస్టారు:
సిస్టర్ గారికి వందనాలు. ముందుగా ఒక్క విషయం. "అయిదు నెలలు" అని వాక్యంలో ఎక్కడ ఉంది? కోత మొదలైనప్పటినుంచి వాన కురిసేవరకు అని మాత్రమే ఉంది. అంత కరువులో దేవుడు దయదలిచి వారానికే వాన పంపి ఉండొచ్చు, పది రోజులకి పంపి ఉండొచ్చు. నేను 34 సంవత్సరాలు సండే స్కూల్ చెప్పినవాణ్ణి. లేనిది కలపడం ఎంత ప్రమాదమో ప్రకటన 22:18 చూసుకోండి. లెక్క సరిచేశాక మిగతాది మాట్లాడదాం.

ఉలవపాడు సపోటా:
పది రోజులకి ఎముకలు మిగలవు గదా మాస్టారూ. దావీదు ఏరించింది ఎముకల్నే.

పెన్నా గట్టు:
అన్నం తింటూ చదివాను. థాంక్స్ సపోటా.

దర్శి కుర్రోడు:
నాదొక డౌట్. ఆ ఏడుగురిలో మెఫీబోషెతు పేరు ఉంది. మెఫీబోషెతుని దావీదు తన బల్ల దగ్గర కూర్చోబెట్టి భోజనం పెట్టాడు కదా, మరి ఉరెట్లా తీస్తాడు?

ఒంగోలు మాస్టారు:
ఇదిగో, ఇందుకే క్రమంగా చదవమనేది. మెఫీబోషెతులు ఇద్దరు. బల్ల దగ్గర తిన్నది యోనాతాను కొడుకు, కుంటివాడు. ఉరితీయబడినది రిస్పా కొడుకు. ఆమె ఇంకో కొడుకు పేరు అర్మోని. యోనాతాను కొడుకుని దావీదు అప్పగించలేదు, ఎందుకంటే యోనాతానుతో చేసిన ప్రమాణం ఉంది, 7వ వచనంలో స్పష్టంగా ఉంది. మాట తప్పని రాజు దావీదు. మన అంశం కూడా అక్కడే ఉండాలి గానీ ఒక ఉపపత్ని దగ్గర కాదు. అయిదు నెలల లెక్క ఇంకా తేలలేదు.

కావలి కోడలు:
ఆ దేశంలో యవల కోత ఏప్రిల్‌లో. ఎండాకాలంలో అక్కడ వానలు ఉండవు. తొలకరి పడేది అక్టోబరు వైపు. అందుకని అయిదు నెలలన్నాను. సరే, వాక్యంలో ఆ అంకె లేదు, తీసేయండి. మీ మాటే ఉంచి వారం అనుకుందాం. ఏప్రిల్ ఎండలో బండ మీద ఏడు శవాల దగ్గర వారం. చాలా?

ఇక మాట తప్పని రాజు గురించి. 1 సమూయేలు 24 చివర చూడండి. నా తరవాత నా సంతానాన్ని నిర్మూలం చేయనని ప్రమాణం చెయ్యమని సౌలు అడిగితే, దావీదు చేశాడు. యోనాతానుకిచ్చిన మాట గుర్తుంది, సౌలుకిచ్చిన మాట ఏమైంది? ద్వితీయోపదేశకాండము 24:16లో తండ్రుల దోషానికి కొడుకుల్ని చంపకూడదని ఉంది. అదే పుస్తకం 21:23లో మాను మీద వేలాడదీసిన శవాన్ని రాత్రి అట్లా ఉంచకూడదు, ఆ రోజే పాతిపెట్టాలని ఉంది. ఆ రోజే! ధర్మశాస్త్రం ఎవరు పాటించారు, సింహాసనం మీదున్న ఆయనా, గోనెపట్ట మీదున్న ఈమెనా?

ఉరి తియ్యమని దేవుడు చెప్పాడా? కరువుకి కారణం చెప్పాడు, అంతే. ఏం చెయ్యమంటారని దావీదు అడిగింది గిబియోనీయుల్ని.

ఒంగోలు మాస్టారు:
సంఖ్యాకాండము 35:33. చిందించబడిన రక్తానికి, చిందించినవాడి రక్తం వల్లే దేశానికి ప్రాయశ్చిత్తం. పైగా దేవుడు చెప్పిన కారణంలో సౌలు ఒక్కడే కాదు, నరహంతకులైన అతని ఇంటివారు కూడా ఉన్నారు, 1వ వచనం మళ్లీ చదవండి. ఆ ఏడుగురి చేతులు శుభ్రంగా ఉన్నాయని మీకెవరు చెప్పారు?

ఇంకొకటి. ఏసీలో కూర్చుని దావీదుని తప్పుపట్టడం తేలిక. మూడేళ్ల కరువంటే ఏమిటో మన జిల్లాలవాళ్లకి తెలియాలి. 1876లో వచ్చిన ధాత కరువు గురించి మా తాత వాళ్ల నాన్న చెప్పిన మాటలు మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు, బ్రహ్మజెముడు కాయలు తిని బతికారంట. అట్లాంటప్పుడు ఏలేవాడు ఏదో ఒక కఠినమైన నిర్ణయం తీసుకోవాలి. ఏడుగురా, దేశమా? కూర్చుని ఏడ్చేవాళ్లు ఏడుస్తారు, బాధ్యత ఉన్నవాడు నిర్ణయిస్తాడు.

పెన్నా గట్టు:
ధాత కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర ఎవరినీ బలివ్వలేదు మాస్టారూ. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కూలి ఇచ్చాడు. కూటి కోసం చేరుతున్నారని మాట రాకూడదని కరువు ఉన్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారంటే అది ఆ తరవాత. కఠిన నిర్ణయం అంటే అదీ ఉంటుంది.

ఎలాగూ మన ఊళ్ల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఒంగోలు ప్రార్థన కొండ ఎవరు ఎక్కారంటే అందరం మిషనరీ జూవెట్ దొర పేరే చెబుతాం. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ కొండెక్కింది అయిదుగురు. దొర, దొరసాని, నర్సు అనే ఆయన, జూలియా, రూతు. ఆ చివరి రెండు పేర్లు మీ గుడిలో ఎప్పుడైనా విన్నారా?

ఉలవపాడు సపోటా:
నిజంగా వినలేదు.

దర్శి కుర్రోడు:
నర్సు అంటే హాస్పిటల్ నర్సా?

పెన్నా గట్టు:
కాదు నాయనా, మనిషి పేరు.

కనిగిరి మేకపిల్ల:
నాకు వచనాలు అంతగా తెలియవు. చిన్నప్పుడు సజ్జ చేను కావలి కాసేదాన్ని. మంచె మీద కూర్చుని వడిసెల తిప్పేది. పొద్దున ఆరింటికి మొదలుపెడితే పదింటికే చెయ్యి పైకి లేచేది కాదు. ఈ మూల తోలితే ఆ మూల వాలతాయి, చిలకలకి భయం పోయాక కేకేసినా పట్టించుకోవు. సాయంత్రానికి గొంతు పోయేది. మళ్లీ రాత్రి పందులు, దానికి మా నాయన వెళ్లేవాడు. మేం ఇద్దరం కాబట్టి సరిపోయింది. రిస్పాకి మార్చుకునే మనిషి లేదు. ఓర్పంటే ఊరికే కూర్చోవడం అనుకునేవాళ్లు ఒక్కరోజు చేలో నిలబడితే తెలుస్తుంది.

ఒంగోలు మాస్టారు:
చిలకలతో పోలిక బాగుంది గానీ వాక్యానికి వాక్యమే సాక్ష్యం. మీరందరూ కలిసి ఆమెని రాజుని ఎదిరించిన వీరనారిని చేస్తున్నారు. ఆమె ఎదిరించినట్టు ఒక్క మాట చూపించండి. రాజు మనుషులు ఆమెని ఆపినట్టు లేదు, ఆమె శవాల్ని దించే ప్రయత్నం చేసినట్టు లేదు. లోబడే ఉంది. అధికారులకి లోబడమనే రోమా 13 చెబుతుంది. స్త్రీలకి ఈ మధ్య ప్రతి కథలోనూ తిరుగుబాటే కనిపిస్తోంది, రేపు సంఘంలో పెద్దలు ఏ నిర్ణయం తీసుకున్నా గేటు దగ్గర గోనెపట్ట వేసుకుని కూర్చుంటారు. క్రమం ఉండొద్దా?

కావలి కోడలు:
గేటు అన్నారు కాబట్టి చెబుతాను. చెప్పకూడదనుకున్నాను.

ఏ ఊరో, ఏ సంఘమో చెప్పను. 2019 మే నెల. మా మరిది పోయాడు. లారీ డ్రైవరు, నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే, గుడికి వచ్చేది క్రిస్మస్‌కీ గుడ్ ఫ్రైడేకీ. భూస్థాపనకి తీసుకెళ్తే సమాధుల తోట గేటుకి తాళం. మూడేళ్ల చందా బకాయి ఉందంట, కట్టి రసీదు తెస్తేనే తాళం తీస్తారంట. మా ఆయన డబ్బు కోసం పరిగెత్తాడు. ఆ రోజు ఆదివారం, ఉన్న ఒక్క ఏటీఎంలో డబ్బు లేదు. పెట్టె ట్రాలీ ఆటో మీదే ఉంది. పదకొండు గంటల ఎండ. ఐస్ కరిగి ఆటో కిందనుంచి నీళ్లు కారుతున్నాయి, ఆ తడి మీదికి ఈగలు. మా అత్త ఎవరినీ తిట్టలేదు, ఎవరినీ అడగలేదు. పక్కన వేపచెట్టునుంచి ఓ మండ విరిచి, ఆటో ఎక్కి, పెట్టె పక్కన కూర్చుని తోలడం మొదలుపెట్టింది. మండ ఆకులు రాలిపోతే ఇంకోటి విరిచి ఇమ్మని నాకు చెయ్యి చాపింది. నాలుగు మండలు విరిచాను. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. మూడున్నరకి ఎవరో పెద్దాయనకి ఫోన్ వెళ్లింది, నలుగురూ చూస్తున్నారు పరువు పోతోందని. తాళం వచ్చింది. రసీదు తరవాత చూద్దామన్నారు.

ఆమె ఎదిరించిందా లోబడిందా మీరే చెప్పండి మాస్టారూ. ఒక్క మాట మాట్లాడలేదు. ఆ సంఘంలోనే ఇప్పుడు మా అత్తని ముందు వరసలో కూర్చోబెట్టి ఓర్పు గురించి చెప్పారు.

ఉలవపాడు సపోటా:
అక్కా.

ఒంగోలు మాస్టారు:
జరిగింది బాధాకరం, కాదనను. కానీ రెండో వైపు కూడా వినాలి. సమాధుల తోట అంటే ఎప్పుడో మిషను కాలంలో ఇచ్చిన కొద్దిపాటి స్థలం. ఇప్పుడు సమాధి మీద సమాధి. ప్రహరీ కట్టాలి, వాచ్‌మన్‌కి జీతం ఇవ్వాలి, పక్కవాడు ఆక్రమిస్తే కోర్టుకి తిరగాలి. బతికున్నన్నాళ్లూ రూపాయి ఇవ్వనివాళ్లు చనిపోయాక మాత్రం మాకు హక్కు ఉందంటారు. ఒక్కరికి సడలిస్తే రేపు ఎవడూ కట్టడు. చావు రోజు తప్ప ఇంకే రోజు అడిగినా ఇవ్వరు, ఇది అనుభవంతో చెబుతున్నాను. బాధ్యత మోసేవాడికి తెలుస్తుంది ఆ బరువు.

కనిగిరి మేకపిల్ల:
చావు రోజు తప్ప ఇవ్వరని చావు రోజే తాళం వేస్తారా?

పెన్నా గట్టు:
ఇప్పుడర్థమైంది ఇందాకటినుంచి దావీదు పక్షాన అంత గట్టిగా ఎందుకు నిలబడ్డారో. మనం మాట్లాడుతున్నది గిబియా గురించి కాదన్నమాట. మాస్టారూ, 14వ వచనం చివర చూడండి. దేశం కోసం చేసిన మనవి దేవుడు ఆలకించింది ఎప్పుడు? ఉరితీసినప్పుడు అని రాయలేదు. పాతిపెట్టిన తరవాత అని ఉంది.

ఒంగోలు మాస్టారు:
ఆ వచనం నాకు తెలుసు. వాన అంతకుముందే పడిందని 10లో ఉంది కదా.

కావలి కోడలు:
వాన పడింది. మనవి వినలేదు. రెండూ ఒకటి కాదని రాసినవాళ్లకే తెలుసు.

మాస్టారూ, నేను మిమ్మల్ని తిట్టడానికి రాయలేదు. ఒక్కటి అడుగుతాను. దావీదు కూడా ఏ పక్కింటావిడ మాటో అని కొట్టిపారేసి ఉండొచ్చు. వినగానే లేచాడు. అతని దగ్గర నేను నేర్చుకునేది అదొక్కటే. మీ దగ్గర కూడా బకాయి రూల్ ఉందా?

(రెండు రోజులుగా ఇక్కడ ఎవరూ రాయలేదు)

దర్శి కుర్రోడు:
మాస్టారు గారు ఉన్నారా?

ఒంగోలు మాస్టారు:
ఉన్నాను. మా సంఘంలో కూడా ఉంది. 2011లో తీర్మానం. రాసింది నేనే, చేతిరాత కూడా నాదే. పుస్తకం నిన్న తీసి చూశాను. మినహాయింపు అనే మాట ఎక్కడా లేదు.

కావలి కోడలు:
ఊఁ.

ఒంగోలు మాస్టారు:
వచ్చే నెల కమిటీ ఉంది. ఏం జరుగుతుందో చెప్పలేను, తొమ్మిదిమంది ఉంటారు. అయిదు నెలల సంగతి మాత్రం నేను ఒప్పుకోను.

మర్రిపాడు నుంచి కొత్త సభ్యుడు:
అందరికీ వందనాలు, ఇప్పుడే చేరాను. పైన అంతా చదవలేదు. ఇంతకీ రిస్పా ఆ కొండ మీద ఉన్నది అయిదు నెలలా, ఆరు నెలలా?